గల్లాపెట్టెలో దొరికిన కొరుకుడు రూపాయి: టంకశాల తప్పా, బయటి చేతిపనా?

గల్లాపెట్టె (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు రాజమహేంద్రవరంలో నలభై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. చిల్లరలో ఏ నాణెమైనా వింతగా కనిపిస్తే దాన్ని గల్లాలో వేయకుండా పక్కనున్న పాత హార్లిక్స్ సీసాలో వేయడం ఆయన అలవాటు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ సీసాను బోర్లించి చూశాను. అందులో చాలావరకు అరిగిపోయినవి, వంకరపోయినవే ఉన్నాయి గానీ, నాలుగు నాణేల విషయంలో మాత్రం మీ అభిప్రాయం కోరుతున్నాను.

మొదటిది 1990ల నాటి స్టీలు రూపాయి. బిస్కెట్టును ఒకసారి కొరికి వదిలేసినట్టు దాని అంచున చంద్రవంక ఆకారంలో ఒక ముక్క లేదు. రెండవది రెండు రూపాయల నాణెం, దాని మీద సంవత్సరం అంకెలు రెండేసి గీతలుగా కనిపిస్తున్నాయి. మూడవది ఐదు రూపాయల నాణెం, బొమ్మను నిటారుగా పట్టుకుని తిప్పితే బొరుసు పక్కకు ఒరిగి ఉంటోంది. నాలుగవది పది రూపాయల నాణెం, మధ్యనున్న తెల్ల బిళ్ళ ఒక వైపుకు జరిగి ఉంది.

ఈలోగా మా బావగారు రూపాయి ఫొటోను ఎక్కడో పెట్టగా, మరునాడే ఒకాయన ఫోను చేసి అది మూడు లక్షలు పలుకుతుందని, ముందుగా రిజిస్ట్రేషను కోసం పదిహేను వందలు పంపమని అడిగారట. నాన్నగారు ఫోను పెట్టేయమన్నారు. బావగారికి మాత్రం ఇంకా ఆశ చావలేదు.

కాసులపేరు

నాన్నగారి మాటే సరైనది. నాణెం కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగకూడదు. పాత నోట్ల, నాణేల క్రయవిక్రయాలతో తనకు ఎటువంటి సంబంధమూ లేదని, తన పేరు చెప్పి రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. బావగారికి ఆ ప్రకటన చూపించండి.

నాణేల విషయానికి వస్తే, ఫొటోలు స్పష్టంగానే ఉన్నాయి గానీ వాటిని మాత్రమే చూసి తేల్చలేము. రూపాయి బరువును గ్రాములో నూరో వంతు వరకు చూపే తూకంలో చూడండి. అటువంటిది లేకపోతే తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లండి, కాదనరు. ముక్క పోయిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును దగ్గరి నుంచి ఫొటో తీసి పెట్టండి. కొరుకుడును తర్వాత చూద్దాం, ముందు దాని ఎదుటి వైపు చూడాలి.

ఇంకొక మాట. దయచేసి వాటిని తోమకండి. నా దగ్గర మొదట దొరికిన దోషపు నాణేన్ని నేను చింతపండుతో, ముగ్గుతో తళతళలాడేలా తోమి, దాని మీది పాత ఛాయనంతా పోగొట్టి, తరువాత చూసిన ప్రతి సేకర్త చేతా చీవాట్లు తిన్నాను.

రూక

నాకైతే మొదటి చూపులోనే అనుమానం కలుగుతోంది. ఆదివారపు సంతల్లో ఇటువంటి కొరుకుడు నాణేలు కుప్పలుగా అమ్ముతుంటారు, వాటిలో ఎక్కువ భాగం ఆకురాయితో గానీ గ్రైండరుతో గానీ చేసినవే. గుండ్రటి ఆకురాయి ఉన్నవాడికి చంద్రవంక తీయడం పది నిమిషాల పని. ఎవరో చేతిపనిగా చేసిన నాణెం చిల్లరలో తిరిగి తిరిగి కొట్టుకు చేరి ఉండవచ్చు. కొట్టులో దొరికినంత మాత్రాన అది టంకశాల తప్పు అని రుజువు కాదు.

ప్రెస్‌టూలు_బాలానగర్

నేను నాణేల సేకర్తను కాను. ముప్పై ఏళ్లుగా బాలానగర్‌లో ప్రెస్ టూల్స్ తయారుచేసే షెడ్డులో పని చేస్తున్నాను. వాషర్లు, బ్రాకెట్లు కొట్టే పంచ్‌లు, డైలు (ఉక్కు అచ్చులు) రోజూ నా చేతి మీదుగానే వెళతాయి. నాణెం కూడా ప్రెస్ కింద పడే రేకు ముక్కే కాబట్టి, ఏ దోషం చూసినా నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఏ యంత్రం దగ్గర పుట్టి ఉండాలి? ఆ చోటు చూపించలేకపోతే అది టంకశాల గోడ బయట పుట్టిందని అనుకోవలసిందే.

నాణెం తయారీని స్థూలంగా చెబుతాను. లోహపు రేకు చుట్ట నుంచి పంచ్ గుండ్రటి బిళ్ళలను కొట్టి తీస్తుంది. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. మరొక యంత్రం బిళ్ళను అంచుల మీద నొక్కుతూ దొర్లించి చుట్టూ చిన్న గట్టు లేపుతుంది. చివరగా కింది డై, పై డై మధ్యన, చుట్టూ కాలర్ అనే ఉక్కు కంకణంలో బిళ్ళను పెట్టి కొడితే బొమ్మ, బొరుసు, అంచు అన్నీ ఒకే దెబ్బకు వస్తాయి. దీన్నిబట్టి దోషం బిళ్ళలో ఉండాలి, డైలో ఉండాలి, లేదా దెబ్బలో ఉండాలి.

కొరుకుడు బిళ్ళ దోషం. రేకు జరగవలసినంత ముందుకు జరగకపోతే పంచ్ అంతకు ముందే కొట్టిన రంధ్రం మీదికి కొంత ఎక్కుతుంది, అప్పుడు వచ్చే బిళ్ళలో ఆ రంధ్రపు వంపు మేరకు లోహం ఉండదు. మా షెడ్డులో వాషర్లు కొట్టేటప్పుడు కుర్రవాడు రేకును సరిగా తోయకపోతే ఇటువంటివి రోజుకు నాలుగైనా పడతాయి, వాటిని ఏరి తుక్కులో వేస్తాము. రంధ్రం కూడా అదే పంచ్ చేసినది కాబట్టి కొరుకుడు వంపు దాదాపు నాణెపు వంపుతో సమానంగా ఉండి తీరాలి. గల్లాపెట్టె గారు అదే రకపు మరొక రూపాయిని ఆ ఖాళీలోకి ఆనించి చూడాలి. సందు లేకుండా కుదిరితే మొదటి పరీక్ష దాటినట్టు. రూక గారు చెప్పిన ఆకురాయి సాధారణంగా ఇంతకంటే ఇరుకైన వంపు తీస్తుంది.

ఎదుటి అంచు సంగతి ఇంకా ముఖ్యం. గట్టు లేపే యంత్రంలో బిళ్ళ రెండు దవడల మధ్య నలుగుతూ దొర్లుతుంది. కొరుకుడు ఉన్న వైపు ఒక దవడకు వచ్చినప్పుడు అక్కడ పట్టు ఉండదు, అందువల్ల సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు మీద కూడా ఒత్తిడి పడదు, అక్కడ గట్టు లేవదు. నాణెం తయారైన తరువాత ముక్క కోసినవాడికి ఈ బలహీనతను ఎదుటి వైపు తెప్పించడం దాదాపు అసాధ్యం.

కాసులపేరు

ప్రెస్‌టూలు గారు చెప్పిన ఎదుటి అంచు బలహీనతనే సేకర్తలు బ్లేక్స్‌లీ గుర్తు అంటారు. ఇన్నేళ్లుగా ఆ గుర్తును వెతుకుతూనే ఉన్నాను గానీ, దాని వెనుక యంత్రం పనితీరును ఇంత తేలికగా వివరించినవారిని ఇప్పుడే చూశాను.

మరొక గుర్తు కూడా ఉంది. డైల మధ్య దెబ్బ పడినప్పుడు లోహం ఖాళీ ఉన్న వైపుకు పారుతుంది. అందువల్ల అసలైన కొరుకుడు పక్కనున్న అక్షరాలు, గీతలు ఖాళీ వైపుకు కొద్దిగా సాగి, పలచబడి ముగుస్తాయి. తరువాత కోసిన నాణెంలో అక్షరం కత్తితో నరికినట్టు నిండు ఎత్తులోనే ఆగిపోతుంది.

సాగరతీరం

సందర్భం వచ్చింది కాబట్టి నా సందేహం కూడా అడుగుతాను. నా దగ్గర 2011 నాటి రూపాయి ఒకటి 3.79 గ్రాములు మాత్రమే తూగుతోంది, అంతకు ముందు నాటి స్టీలు రూపాయి 4.85 గ్రాములు ఉంది. పాత యాభై పైసల బిళ్ళ కూడా సరిగ్గా 3.79 గ్రాములే. అంటే ఇది యాభై పైసల బిళ్ళ మీద పొరపాటున కొట్టిన రూపాయి అవుతుందా? అలాగే 1990ల చివరి నాణెం ఒకదాని మీద సంవత్సరం కింద నక్షత్రం ఉండవలసిన చోట ‘ఎంకే’ అని రెండు ఆంగ్ల అక్షరాలు ఉన్నాయి. ఇవి రెండూ దోషాలేనా?

రూక

రెండూ కావు. అయితే మీ మొదటి ప్రశ్న చాలా మంచిది.

2011లో రూపాయి, రెండు రూపాయల నాణేల కొలతలు మారాయి. ఆ సంవత్సరం వచ్చిన కొత్త రకపు రూపాయి 3.79 గ్రాములే, వెడల్పు దాదాపు 22 మిల్లీమీటర్లు. 1988లో మొదలైన స్టీలు యాభై పైసల కొలతలు కూడా అవే. అదే విధంగా 2011 నాటి రెండు రూపాయల నాణెం 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 1992లో మొదలైన స్టీలు రూపాయి కూడా అంతే. కాబట్టి కొత్త రూపాయి పాత యాభై పైసల బిళ్ళ మీద కొట్టారో లేదో తూకంతో ఎవ్వరూ తేల్చలేరు, తేల్చగలమని చెప్పేవారి దగ్గర కొనకండి. 2011కు ముందు నాటి పెద్ద రూపాయి యాభై పైసల బిళ్ళ మీద పడి ఉంటే మాత్రం సంగతి వేరు. 25 మిల్లీమీటర్ల డై బొమ్మ 22 మిల్లీమీటర్ల బిళ్ళలో ఇమడదు కనుక అంచున ఉండవలసిన భాగాలు తెగిపోతాయి, బరువు కూడా గ్రాముకు పైగా తగ్గుతుంది. అటువంటిది దొరికితే దాచుకోండి.

‘ఎంకే’ అంటే స్లొవేకియాలోని క్రెమ్నిత్స టంకశాల. చిల్లర కొరత తీర్చడానికి ఆ కాలంలో మన ప్రభుత్వం విదేశాల్లోనూ నాణేలు కొట్టించింది. 1985 రూపాయి మీద సంవత్సరం కింద కనిపించే ‘ఎచ్’ అక్షరం బర్మింగ్‌హాంలోని హీటన్ కంపెనీది. మన నాలుగు టంకశాలల్లో హైదరాబాదుకు నక్షత్రం, ముంబైకి వజ్రపు ఆకారం, నోయిడాకు చుక్క గుర్తులుగా ఉంటాయి, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. గుర్తు లేని నాణేన్ని ‘గుర్తు మరిచిపోయిన దోషం’ అని అమ్మజూపినవారిని కూడా నేను చూశాను.

డల్లాస్_తెలుగు

ఐదు రూపాయల నాణెం గురించి నా అనుభవం చెబుతాను. అమెరికా నాణేల మీద బొమ్మకు బొరుసు తలకిందులుగా ఉంటుంది. పై నుంచి కిందికి తిప్పితేనే రెండో వైపు నిటారుగా కనిపిస్తుంది. ఇక్కడి వీడియోలు చూసి నేర్చుకున్న నేను, కొన్నేళ్ల క్రితం విజయవాడ వచ్చినప్పుడు మా పిన్ని ఇచ్చిన చిల్లరను అలాగే తిప్పి చూసి, ప్రతి నాణెం దోషపుదే అని మురిసిపోయి ఒక జేబు నిండా పోగు చేశాను. మన నాణేల్లో బొమ్మ, బొరుసు రెండూ ఒకే దిశలో నిటారుగా ఉంటాయని, వాటిని పక్కకు, అంటే తలుపు తిప్పినట్టు తిప్పి చూడాలని ఆ తరువాత తెలిసింది. గల్లాపెట్టె గారూ, మీరు ఎలా తిప్పి చూశారు?

గల్లాపెట్టె

మీరందరూ చెప్పిన పరీక్షలు చేశాను, ఆలస్యానికి మన్నించండి.

రూపాయి మా వీధి చివరి కంసాలి గారి తూకంలో మూడుసార్లూ 4.60 గ్రాములే చూపించింది. కొరుకుడు లోతు మూడు మిల్లీమీటర్లు, అంచు దగ్గర దాని వెడల్పు పన్నెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అదే రకపు మరొక రూపాయిని ఆనిస్తే గోరు దూరే సందు కూడా లేకుండా కుదిరింది. కొరుకుడు లోపలి అంచులు పదునుగా లేవు, వేలితో తడిమితే నున్నగా, కొంచెం గుండ్రంగా తగులుతున్నాయి.

ఎదుటి అంచును చూసినప్పుడు మాత్రం నిజంగా ఒళ్లు పులకరించింది. నాణెం చుట్టూ ఉన్న గట్టు సింహాల బొమ్మ వైపున ‘ఇండియా’ అన్న అక్షరాల పక్కకు వచ్చేసరికి నెమ్మదిగా అణిగిపోయి, గోరు వెడల్పు మేర దాదాపు కనిపించకుండా పోయి, మళ్లీ లేచింది. తిప్పి చూస్తే అంకె వైపున కూడా అదే చోట అలాగే ఉంది. నాన్నగారికి భూతద్దం ఇచ్చి చూపిస్తే, ఇరవై ఏళ్లుగా సీసాలో ఉన్నా ఈ వైపు ఎప్పుడూ చూడలేదే అన్నారు.

ఐదు రూపాయల నాణేన్ని డల్లాస్ గారు చెప్పినట్టు తలుపు తిప్పినట్టే తిప్పాను. అయినా బొరుసు ఒరిగే ఉంది.

ప్రెస్‌టూలు_బాలానగర్

లెక్క వేసి చూశాను. 25 మిల్లీమీటర్ల వృత్తం నుంచి అంతే వెడల్పున్న మరొక వృత్తం మూడు మిల్లీమీటర్ల లోతున కొరికితే, అంచు దగ్గర ఖాళీ వెడల్పు 11.9 మిల్లీమీటర్లు రావాలి, మొత్తం వైశాల్యంలో నూటికి ఐదు వంతుల లోహం పోవాలి. 4.85 గ్రాములలో అది 0.24 గ్రాములు, అంటే 4.61 గ్రాములు మిగలాలి. మీకు 4.60 వచ్చింది. చిల్లరలో తిరిగిన అరుగుదల కూడా ఉంటుంది కాబట్టి అంతకంటే దగ్గరగా రావాలని నేను కోరను.

నున్నటి అంచులు కూడా సరిపోయాయి. బిళ్ళ తెగినప్పటి పదును తరువాతి పనుల్లో, చివరి దెబ్బలో చచ్చిపోతుంది. ఆకురాయి గీతలు గానీ, వేలికి గుచ్చుకునే బర్రు (కోసిన చోట మిగిలే లోహపు మొన) గానీ ఉంటే నేను రూక గారి పక్షాన ఉండేవాణ్ని.

ఐదు రూపాయల నాణెం డై దోషం. డైని దాని గూటిలో బిగించి ఉంచే పట్టు వదులైతే ప్రతి దెబ్బకూ అది కాస్త కాస్త తిరుగుతుంది. ఆపరేటరు గమనించి మళ్లీ బిగించేదాకా ఒక్కొక్క నాణెం ఒక్కొక్క కోణంలో వస్తుంది. అందుకే ఒకే సంవత్సరపు నాణేల్లో వేర్వేరు కోణాలు దొరకవచ్చు. కోణమానినితో ఎంత తిరిగిందో కొలవండి.

రూక

రూపాయి విషయంలో నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. బరువు ఒక్కటే అయితే వాదించేవాణ్ని, ఎదుటి అంచు చూశాక వాదన లేదు.

ఐదు రూపాయల నాణెం గురించి ఒక హెచ్చరిక. పది పదిహేను డిగ్రీల తిరుగుడు మన చిల్లరలో తరచుగా కనిపించేదే, దానికి సేకర్తలు విలువ ఇవ్వరు. బాగా పక్కకు తిరిగినవి, ముఖ్యంగా సగానికి సగం తలకిందులైనవి మాత్రమే అడిగి కొంటారు.

కాసులపేరు

మిగిలిన రెండు నాణేల దగ్గరి ఫొటోలు ఇప్పుడే చూశాను. ఈ రెండింటి విషయంలో మిమ్మల్ని నిరాశపరచక తప్పదు.

రెండు రూపాయల నాణెం మీద అంకెలు జంటగా కనిపించడానికి రెండు కారణాలు ఉండవచ్చు. డై తయారయ్యేటప్పుడే దాని మీద బొమ్మ రెండుసార్లు కొంచెం తేడాతో పడితే, ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట కనిపిస్తుంది. అప్పుడు రెండు గీతలూ గుండ్రంగా, తగినంత ఎత్తుగా ఉండి, అక్షరాల కొనల దగ్గర చిన్న చీలిక కనిపిస్తుంది. సేకర్తలు వెతికేది దాన్ని. అలా కాక, దెబ్బ పడి డై పైకి లేచే క్షణంలో అది కాస్త కదిలితే అప్పుడే పడిన అంకె పక్కకు నొక్కుకుపోతుంది. అప్పుడు రెండో గీత మెట్టులాగా చదునుగా, పళ్లెం అడుగున అంటుకున్నట్టు ఉంటుంది, అసలు అంకె సన్నబడుతుంది. మీ ఫొటోలో నాలుగో అంకె పక్కనున్నది చదునైన మెట్టే, దాని మీద వెలుగు అద్దం మీద పడినట్టు ఒకే పలకగా మెరుస్తోంది. ఇటువంటివి అంతులేనన్ని ఉంటాయి.

పది రూపాయల నాణెం సంగతి ఇంకా సూటిగా తేలుతుంది. పసుపు చుట్టు, తెల్ల బిళ్ళ వేరువేరుగా వచ్చినా ప్రెస్‌లో ఒకదానిలో ఒకటి ఇమిడి, ఒకే దెబ్బకు అతుక్కుంటాయి, ఆ దెబ్బకే బొమ్మ కూడా పడుతుంది. కాబట్టి టంకశాలలో బిళ్ళ పక్కకు జరిగి ఉంటే అతుకు మాత్రమే పక్కకు జరుగుతుంది. బొమ్మ నాణెం నడిమధ్యనే ఉండి, రెండు లోహాల మీదుగా తెగకుండా సాగుతుంది, చుట్టు మీద ఉండవలసిన భాగం కొంత తెల్ల లోహం మీద పడుతుంది. మీ నాణెంలో బొమ్మ కూడా బిళ్ళతో పాటే జరిగింది, అతుకు ఒక వైపున తలవెంట్రుక దూరేంత తెరుచుకుంది, వెనుక వైపున సుత్తి కొన తగిలినట్టు చిన్న గుంట ఉంది. ఎవరో బిళ్ళను ఊడగొట్టి మళ్లీ ఎక్కించారు.

అన్నట్టు, రూపాయి గుర్తు లేని పది రూపాయల నాణెం నకిలీదని కొన్ని కొట్లలో ఇప్పటికీ తిరస్కరిస్తుంటారు. ఆ గుర్తు 2011 నుంచి నాణేల మీదికి వచ్చింది, అంతకు ముందువాటి మీద ఉండదు. అప్పటికి వచ్చిన పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. నాన్నగారి కొట్టుకు పనికొస్తుందని చెబుతున్నాను.

సాగరతీరం

సీసాలో బాగా పలచబడి, కోలగా సాగిన నాణెం కూడా ఒకటి ఫొటో మూలన కనిపిస్తోంది. కాలర్ లేకుండా కొట్టినప్పుడు నాణెం వెడల్పుగా పరచుకుంటుందని చదివాను. అది అదేనా?

ప్రెస్‌టూలు_బాలానగర్

కాలర్ లేకుండా కొడితే అంచు బయటికి పరచుకుంటుంది గానీ, డై పరిమాణం మారదు కనుక మధ్యనున్న బొమ్మ సాగదు. ఈ నాణెంలో సింహాలే పొడవుగా సాగాయి. ఇది రైలు పట్టాల మీద పెట్టి చదును చేయించినది, చిన్నప్పుడు మౌలాలి దగ్గర నేనూ చేశాను.

గల్లాపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. ఐదు రూపాయల తిరుగుడును కోణమానినితో కొలిస్తే దాదాపు నలభై డిగ్రీలు వచ్చింది, దాన్ని కొరుకుడు రూపాయితో పాటు కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, బరువు, కొలతలు పైన రాశాను. పది రూపాయల నాణెం తిరిగి సీసాలోకే వెళ్లింది. జంట అంకెల రెండు రూపాయలను నాన్నగారు నా కళ్లెదుటే అరకిలో బెల్లం కొన్నాయనకు చిల్లరగా ఇచ్చేశారు. బావగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మూడు లక్షలు కాకపోతే ఎంత వస్తుందని ఆయన అడుగుతున్నారు.

కాసులపేరు

అమ్మబోవడం లేదని చెప్పండి.